తాడు లేని స్తంభాలు

మొహర్లీ గేటు కాడ
పొద్దు పొడవక ముందే మా జిప్సీ దగ్గుతది.
సీట్లల్ల ఆరుగురు, ముంగట ఇద్దరం.
స్టీరింగు నాది, ఓదేలుది.
మాట రుక్మాబాయి సోయంది.
నాది బల్లార్షా బొగ్గు తిన్న తెలుగు.
ఆమె గోండి నాకు సగమే అందుతది,
తక్కిన సగం మరాఠీ మోసుకొస్తది
నెత్తిమీది బిందె లెక్క,
దారిల కొంత ఒలకబోసి.

మా నాయిన గనిల దిగినోడు.
ఎన్నడో కూలి నల్లబడ్డ అడవిని
తట్టలకెత్తి పైకి పంపినోడు.
నేను నిలబడ్డ అడవిని
గంటకు ఇరవై కిలోమీటర్ల మీద చూపిస్త.
రెండు తరాలుగ మా ఇంట్ల
పొయ్యి మండేది అడవితోనే.

చెరువుకు పోయే తొవ్వ పొడుగున
రాతి స్తంభాలుంటయ్, మనిషెత్తు కన్న ఎక్కువ.
తల కాడ తొర్ర.
ఎనకట గోండు రాజులు నిలబెట్టిండ్రంట,
తొర్రల నుంచి తాడు గుంజి
తాడుకు గంటలు గట్టిండ్రంట,
రాజు కోట దాటంగనే
అడివంత మోగేదంట.
రుక్మాబాయి రోజుకు రెండుసార్లు చెప్తది,
ఒక్క "అంట" కూడ జారవిడువదు.

వెనుక సీటుకు స్తంభం వద్దు.
తపసిచెట్టు వద్దు,
ఎండల బట్టలిప్పి తెల్లగ నిలబడ్డా సరే.
రేచుకుక్కలు ఎదురైనా
"ఇంతేనా" అంటరు.

ఆ మలుపు కాడ మాత్రం
ఆమె గొంతు కొంచెం ఎండుతది.
"గడ్డిమైదానం, నంబరు నాలుగు" అంటది.
నీళ్ల సీసా తీస్తది.

అది వాళ్ల ఊరు.
లేపినప్పుడు ఆమెకు పదిహేడు.
లారీల ఎక్కినయ్ తలుపులు, కాగులు, ఇప్పపువ్వు గంప,
దిగనని అరిచిన ఒక మేక.
దేవుణ్ణి మాత్రం అడిగిండ్రు, వస్తవా అని.
మూడు రోజులు ఆగిండ్రంట జవాబు కోసం.
కొత్త కాలనీల ఇండ్లన్ని రోడ్డు దిక్కు చూస్తయ్.
పాత ఊర్ల ఇల్లు ఇంటి మొకం చూసేది.
ఇప్పుడక్కడ దుప్పులు మేస్తయ్.
పొయ్యిలున్న చోట గడ్డి
ఇంకా చిక్కగనే మొలుస్తది,
తెలిసినోళ్లకు లెక్క దొరుకుతది, ఎన్ని ఇండ్లో.

తునికాకుకు పోయిన ఆమె మరదలు
చెప్పులే తిరిగొచ్చినయ్.
పులి మీద కోపం లేదా, అని అడిగిన ఒకసారి.
బీడి ముక్క మడమ కింద నలిపి,
"దానికో నంబరిచ్చిండ్రు
మాకో ప్లాటు నంబరిచ్చిండ్రు,
ఎవరి మీద ఎవరికి" అన్నది.
ఆ రోజు నేను గేరు తప్పేసిన.

వైశాఖంల ఒక పొద్దు
ఆ మలుపు మీదనే బండి ఆగింది.
దిగొద్దని కట్టడి.
ఇంజను చల్లారే టిక్కు టిక్కు,
ఎవరిదో పుదీనా బిళ్ల నోట్ల కదిలే సప్పుడు.

ముందు కొండముచ్చు దగ్గింది, దూరంగ.
ఆ దగ్గును కణితి అందుకున్నది.
కణితి నుంచి దుప్పి,
దుప్పి నుంచి నెమలి,
ఒక్కొక్క స్తంభం దాటుకుంట
మా దాక వచ్చింది మోత.

ఆడపులి.
తొందర లేదు దానికి.
మూడో స్తంభానికి వీపు రుద్ది,
తోకెత్తి రాయి తడిపి,
గడ్డిల దిగి, చిక్కటి పచ్చలు తొక్కుకుంట
వీధి తెలిసినట్టే నడిచింది.
ఆరు కెమెరాలు ఒక్క తీరుగ ఊపిరి పీల్చినయ్.

రుక్మాబాయి పులిని చూస్తలేదు.
పెదవులు కదులుతున్నయ్.
"భీమా ఇల్లు. కన్నిబాయి వాకిలి.
మా కోళ్ల గూడు..."
పులి ఎక్కడ కాలు పెడితే
అక్కడి పేరు.

గేటు కాడ రిజిస్టరుల
ఏం కనిపించింది, ఎక్కడ, అని రెండు గడులు.
మొదటి గడిల పులి అని రాసింది.
రెండో గడిల
ఐదక్షరాలు,
నాకు తలకిందులుగ కనిపించినయ్.

క్లర్కు జాబితా మీద వేలు నడిపిండు,
పై నుంచి కిందికి, మళ్ల కింద నుంచి పైకి.
"ఇట్లాంటి జాగ లేదు బాయీ,
నాలుగని దిద్దు."

పెన్ను ఆమె చేతిలనే ఉన్నది.
వెనుక బండ్లు
హారన్ కొడుతున్నయ్.